"మా ఋణములు": మత్తయి 6:12లోని 'ఒఫైలేమా' అను గ్రీకు పదముపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

ప్రభువు నేర్పిన ప్రార్థనను మన సంఘములలో సండేస్కూలు పిల్లలు మొదలుకొని వృద్ధుల వరకు అందరూ చూడకుండ చెప్పగలరు. చూడకుండ చెప్పగల మాటలలో ఒక ప్రమాదమున్నది. నోరు ముందు పోతుంది, మనస్సు వెనుక నడుస్తుంది. పొన్నూరు ప్రాంతములో మేము సేవ చేస్తున్న సంఘములో ఒక కౌలు రైతు మాత్రము ఈ ప్రమాదములో పడలేదు. ఆయన ఆ ప్రార్థన చెబుతూ ఒక్క వాక్యము దగ్గర నోరు మూసుకొనేవాడు. తరువాతి వాక్యమునకు మరల గొంతు కలిపేవాడు. చాలా ఆదివారములు గడచిన తరువాత గాని మేము దానిని గమనించలేదు.

కారణమడిగినప్పుడు ఆయన చెప్పిన మాట ఇది: "అయ్యగారండీ, నా ఋణాలు క్షమించమని దేవుణ్ణి అడగటానికి నాకు మొహమెక్కడిదండీ? ముందు వరసలో కూర్చునే మా బావగారి బాకీయే రెండేళ్ళయి తీర్చలేకపోయాను. ఆయనా అదే ప్రార్థన చెబుతున్నారు, నేనూ అదే చెబుతున్నాను. ఆ ఋణమూ ఈ ఋణమూ ఒకటేనా, వేరా?" బావగారని ఆయన అన్నది తన వియ్యంకుని గూర్చి. పంట పెట్టుబడి కోసము ఆయనకే ప్రోనోటు వ్రాసి ఇచ్చి డబ్బు తెచ్చుకున్నాడు.

వేదాంత కళాశాలలో గ్రీకు భాష నేర్చుకొని, బి.డి. పట్టా పుచ్చుకొని, ఇన్నేండ్లు పరిచర్య చేసిన మాకు ఆ ప్రశ్నకు వెంటనే జవాబు తోచలేదు. "అది ఆత్మీయ ఋణము, డబ్బు ఋణము కాదు" అని చెప్పి పంపివేయుట సులువే. కాని మత్తయి వాడిన పదమును విప్పి చూచినప్పుడు ఆ సులువైన జవాబు నిలువదు. ఎందుకు నిలువదో ఈ వ్యాసములో పరిశీలింతము.

1. పదము, దాని కుటుంబము

మత్తయి 6:12లో "ఋణములు" అని తర్జుమా చేయబడిన గ్రీకు పదము 'ఒఫైలేమాటా'. ఇది బహువచనము. దీని ఏకవచనము 'ఒఫైలేమా'. "ఋణస్థులు" అని చెప్పబడిన మాటకు మూలము 'ఒఫైలెటేస్'. ఈ రెండును 'ఒఫైలో' అను క్రియ నుండి పుట్టినవి. "బాకీపడియుండు, చెల్లించవలసియుండు" అని దాని మొదటి అర్థము. దాని నుండి "చేయ బద్ధుడైయుండు" అను అర్థము వచ్చినది. కాబట్టి ఒఫైలేమా అనగా ఒకరికి చెల్లవలసియుండి ఇంకను చెల్లనిది.

క్రొత్త నిబంధనలో ఈ కుటుంబమునకు చెందిన మాటలు అనేకము. పౌలు తాను గ్రీసు దేశస్థులకును గ్రీకు భాష తెలియనివారికిని ఋణస్థుడనని చెప్పినప్పుడు (రోమా 1:14) వాడినది ఒఫైలెటేస్. అన్యజనులు యెరూషలేము పేదలకు ఋణస్థులని చెప్పినప్పుడును (రోమా 15:27) అదే పదము. శిష్యులు ఒకరి పాదములొకరు కడుగవలసినవారని ప్రభువు చెప్పినప్పుడు (యోహాను 13:14), మనము ఒకరినొకరము ప్రేమింప బద్ధులమని యోహాను వ్రాసినప్పుడు (1 యోహాను 4:11) వచ్చునది ఒఫైలో అను క్రియయే. భార్యాభర్తలు ఒకరికొకరు చెల్లించవలసినదానికి పౌలు 'ఒఫైలే' అను రూపము వాడగా (1 కొరింథీ 7:3), మన తెలుగు తర్జుమాదారులు అక్కడ "ధర్మములు" అని వ్రాసిరి.

ఇన్ని చోట్ల ఈ కుటుంబము కనబడినను, ఒఫైలేమా అను నామవాచకము మాత్రము క్రొత్త నిబంధన అంతటిలో రెండే చోట్ల ఉన్నది. ఒకటి ప్రభువు ప్రార్థన. రెండవది రోమా 4:4. ఆ రెండవ చోటు మన పల్లెలకు చాలా దగ్గరి సంగతి. దానిని తరువాత చూతము.

2. పాత నిబంధన గ్రీకు తర్జుమాలో ఈ పదము

క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దములో అలెగ్జాండ్రియాలోని యూదులు మోషే ధర్మశాస్త్రమును గ్రీకులోనికి తర్జుమా చేయ నారంభించిరి. సెప్టువజింట్ అనబడు ఆ తర్జుమాయే ఆదిసంఘము చదువుకొన్న పాత నిబంధన. అందులో ద్వితీయోపదేశకాండము 24:10లో ఒఫైలేమా కనబడుతుంది. అక్కడ దాని అర్థము నూటికి నూరు పాళ్లు అప్పే. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసము బాకీదారుని ఇంటిలోనికి పోకూడదు. బయట నిలువబడవలెను. బాకీదారుడే దానిని బయటికి తెచ్చి ఇచ్చును. అతడు బీదవాడై తన పైబట్టను తాకట్టు పెట్టినయెడల ప్రొద్దు గ్రుంకువేళకు దానిని తిరిగి ఇచ్చివేయవలెను. అప్పు ఉన్నదని మనిషి గడప దాటి అతని మర్యాద తీయరాదని ధర్మశాస్త్రము చెప్పుచున్నది.

ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము ఇంకను ముఖ్యము. ఏడేండ్లకొకసారి అప్పులు విడిచిపెట్టవలెనను ఆజ్ఞ అక్కడ ఉన్నది. సెప్టువజింటులో ఆ విడుదలకు 'అఫెసిస్' అను నామవాచకమును, విడిచిపెట్టుటకు 'అఫియేమి' అను క్రియను, పొరుగువాడు బాకీపడియుండుటకు 'ఒఫైలో' అను క్రియను వాడిరి. ప్రభువు ప్రార్థనలో "క్షమించుము" అని మనము చెప్పుచున్నది కూడ ఈ అఫియేమియే. మత్తయి 6:12లోని రెండు ముఖ్యమైన క్రియామూలములు పక్కపక్కనే ద్వితీయోపదేశకాండము 15:2లో ఉన్నవి. మత్తయి సువార్తను మొదట విన్న యూదా క్రైస్తవుల చెవికి ఏడవ యేటి విడుదల జ్ఞాపకము రాకుండునా? వచ్చియుండుననియే మేము తలంచుచున్నాము. లేవీయకాండము 25వ అధ్యాయములోని సునాద సంవత్సరపు విడుదలకును, నజరేతు సమాజమందిరములో ప్రభువు చదివిన భాగములోని విడుదలకును (లూకా 4:18) అఫెసిస్ అను ఇదే మాట వాడబడినది.

3. అరామిక్ నేపథ్యము

ప్రభువు శిష్యులతో మాటలాడిన భాష అరామిక్. ఆ భాషలో 'హోబా' అను మాటకు అప్పు అనియు, పాపము అనియు రెండర్థములున్నవి. పాత నిబంధనకు యూదులు చేసికొన్న అరామిక్ వివరణలలో "పాపము" ఉండవలసిన చోట తరచుగా ఈ మాటయే కనబడుతుంది. కాబట్టి ప్రభువు నోట వచ్చినది ఈ మాటయే అయి యుండునని అనేక పండితుల అభిప్రాయము.

సువార్తికులిద్దరు దీనిని రెండు విధములుగా గ్రీకులో వ్రాసిరి. మత్తయి అప్పు అను అర్థమునే నిలిపి రెండు పక్కల ఋణపు మాటనే ఉంచెను. లూకా 11:4లో దేవునితో మన సంగతికి 'హమార్తియా' అనగా పాపము అని వ్రాసి, మనుష్యుల సంగతికి మాత్రము ఒఫైలో క్రియనే ఉంచెను. తెలుగులో అక్కడ "అచ్చియున్న" అను పాత మాట ఉన్నది. అచ్చియుండుట అనగా బాకీపడియుండుట. నేటి యౌవనస్థులకు ఆ మాట తెలియక, అచ్చుతప్పేమో అనుకొనువారిని మేము చూచితిమి. లూకా 13:2-4లో కూడ ప్రభువు ఒకే సంగతిని రెండుమార్లు అడుగుతూ మొదట "పాపులు" అను పదమును, తరువాత ఒఫైలెటేస్ అను పదమును వాడెను. తెలుగులో అక్కడ "అపరాధులు" అని ఉన్నది.

దీనినిబట్టి తేలినదేమనగా, పాపమును ఋణముగా చూచుట మత్తయి కల్పించిన అలంకారము కాదు. అది ప్రభువు మాటలాడిన భాషలోనే ఉన్న చూపు. అయితే ఆ చూపులో అప్పు అను మొదటి అర్థము ఎప్పుడును చచ్చిపోలేదు.

4. ప్రభువు కాలములో అప్పు

గలిలయ రైతులకు అప్పు దూరపు సంగతి కాదు. లూకా 16వ అధ్యాయములో ఒకడు నూరు మణుగుల నూనె, మరియొకడు నూరు తూముల గోధుమలు యజమానునికి అచ్చియున్నారు. పంటరూపములో ఉన్న ఈ బాకీలు మన కౌలు బస్తాలను జ్ఞాపకము చేయును.

ఏడవ యేట బాకీ పోవుననే భయముతో ధనవంతులు అప్పిచ్చుట మానివేయగా, హిల్లేలు అను బోధకుడు 'ప్రొజ్బూల్' అను ఏర్పాటు చేసెనని యూదుల మిష్నా గ్రంథము చెప్పుచున్నది. అప్పు పత్రమును న్యాయస్థానమునకు అప్పగించినట్లు ప్రకటించినచో ఏడవ యేట అది రద్దు కాదు. బీదవానికి అప్పు పుట్టవలెనన్నది హిల్లేలు ఉద్దేశము. కాని దాని ఫలితముగా విడుదల సంవత్సరము అనేకుల విషయములో కాగితము మీదనే మిగిలినది. మృతసముద్రము దగ్గర మురబ్బాత్ లోయ గుహలలో 1950ల ఆరంభములో దొరికిన పత్రములలో నీరో చక్రవర్తి రెండవ యేట, అనగా క్రీ.శ. 55-56లో, అరామిక్ భాషలో వ్రాయబడిన ఒక అప్పు పత్రమున్నది. 20 జూజుల అప్పు అది. విడుదల సంవత్సరమైనను చెల్లించెదనని బాకీదారుడు అందులో ఒప్పుకొన్నాడు. మన ప్రోనోట్లను చూచినవారికి ఆ భాష క్రొత్తగా తోచదు.

క్రీ.శ. 66లో యెరూషలేములో తిరుగుబాటు లేచినప్పుడు, తిరుగుబాటుదారులు పత్రములు భద్రపరచు భవనమును తగులబెట్టి, వడ్డీ వ్యాపారుల పత్రములను నాశనము చేసిరనియు, బాకీదారులను తమ పక్షమునకు త్రిప్పుకొనుటకే అట్లు చేసిరనియు జోసీఫస్ చరిత్రకారుడు వ్రాసెను. ప్రభువు ఈ ప్రార్థన నేర్పిన కొద్ది దశాబ్దములకే జరిగిన సంగతి ఇది. "మా ఋణములు" అను మాట విన్నప్పుడు అప్పటి శ్రోతల గుండెలో ఏమి మెదలెనో దీనినిబట్టి ఊహింపవచ్చును.

5. మత్తయి 18లోని లెక్క

మత్తయి తన పదమునకు తానే వ్యాఖ్యానము వ్రాసెనని చెప్పవచ్చును. క్షమింపని దాసుని ఉపమానములో (18:23-35) ఒఫైలో కుటుంబపు మాటలు ఆరుసార్లు వచ్చినవి. అఫియేమి కూడ అక్కడ ఉన్నది.

ఒక దేనారము ఒక దినపు కూలి (20:2). ఒక తలాంతు 6,000 దేనారములు. కాబట్టి మొదటి దాసుని బాకీ 10,000 తలాంతులనగా 6 కోట్ల దేనారములు. సంవత్సరమునకు 300 దినములు పని దొరికినను 2 లక్షల సంవత్సరముల కూలి. గలిలయ, పెరయ ప్రాంతముల నుండి హేరోదు అంతిపకు వచ్చు వార్షికాదాయము 200 తలాంతులని జోసీఫస్ చెప్పుచున్నాడు. అనగా ఆ దాసుని బాకీ ఒక రాజ్యపు 50 ఏండ్ల రాబడి. రెండవ దాసుని బాకీ 100 దేనారములు. ఒకటి మరియొకదానికి 6 లక్షల రెట్లు.

ఇక్కడ ఒక మెలకువ అవసరము. 100 దేనారములు చిన్న మొత్తమని మనము తరచుగా ప్రసంగించుచున్నాము. కాని అది నూరు దినముల కూలి. కూలిపని చేయువానికి అది చిన్నది కాదు. నిజమైన బాకీయే. ప్రభువు దానిని లేదనలేదు. దేవుడు విడిచిపెట్టినదాని పక్కన పెట్టి చూడుమనెను.

6. రోమా 4:4: కూలి కూడ ఒఫైలేమాయే

ఇప్పుడు ఆ రెండవ చోటునకు వత్తము. పనిచేయువానికి ఇచ్చు జీతము దయతో ఇచ్చునది కాదనియు, అది ఋణమనియు పౌలు చెప్పుచున్నాడు. విశ్వాసమువలని నీతి కృపయని చూపుటకు ఆయన ఈ పోలిక తెచ్చెను. అయితే పోలిక పనిచేయవలెనంటే పోలిక నిజము కావలెను గదా. కూలి యజమానుని మీద ఉన్న బాకీయని అందరు ఒప్పుకొనినప్పుడే పౌలు వాదము నిలుచును.

ఈ మాట మన దృష్టిని మార్చును. ఋణస్థుడనగానే మనము ప్రోనోటు వ్రాసిన బీదవానిని తలంచుదుము. పౌలు లెక్కలో వరినాట్లు వేయించుకొని, మినుము పీకించుకొని, మిరపకాయలు కోయించుకొని కూలి ఇంకను ఇవ్వనివాడు ఋణస్థుడు. అతని దగ్గర ఏ పత్రము ఉండదు. ఆ స్త్రీలు ప్రోనోటు వ్రాయించుకొనరు. అయినను అది ఒఫైలేమాయే. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఒఫైలేమా అను మాట కనబడిన నాలుగు వచనముల తరువాతనే కూలివానికి ప్రొద్దు గ్రుంకక మునుపే కూలి ఇమ్మను ఆజ్ఞ ఉండుట గమనింపదగినది. ఇయ్యక పట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు కూడ హెచ్చరించెను (యాకోబు 5:4).

కాబట్టి "మా ఋణములు" అని చెప్పునప్పుడు ముందు వరసలోని వారును వెనుక వరసలోని వారును తమతమ బాకీలను లెక్క చూచుకొనవలసినవారే.

7. తెలుగు మాటలు: ఋణము, అపరాధము, మాఫీ

కొన్ని సంఘముల ఆరాధన క్రమములలో ఋణములకు బదులు "అపరాధములు" అను మాట ఉన్నది. ఇంగ్లీషు వారి అలవాటు ఇందులో కనబడుతుంది. విలియం టిండేల్ 1526లో అచ్చువేసిన క్రొత్త నిబంధనలో మత్తయి 6:12లో 'ట్రెస్‌పాసెస్' అని వ్రాసెను. 1549 నాటి ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథమును అదే మాటను వాడినది. 1611 నాటి కింగ్ జేమ్స్ తర్జుమా 'డెట్స్' అని మూలపదమునకు తిరిగి వచ్చినను, నాలుకకు అలవాటైన మాట ఆరాధనలో నిలిచిపోయినది.

అపరాధములు అనుట తప్పు కాదు. 14, 15 వచనములలో ప్రభువే 'పరాప్తోమా' అను మాటతో దానిని వివరించెను. అయితే ఒక్కటి పోవును. అపరాధము చేసినదానిని చూపును. ఋణము చేయవలసియుండి చేయనిదానిని కూడ చూపును. నేనెవరినీ కొట్టలేదు, తిట్టలేదు, దొంగిలించలేదు అనువానికి అపరాధములు కనబడకపోవచ్చును. ఇవ్వవలసినది ఇచ్చితినా అని అడిగినప్పుడు ఎవరికైనను తల వంగును. మత్తయి 25లో ఎడమవైపున నిలిచినవారి మీద మోపబడినది వారు చేసిన కీడు కాదు. చేయక విడిచిన మేలు.

ఈ పనికి ఋణము అను తెలుగు మాట చక్కగా సరిపోయినది. అప్పు అనగా డబ్బు. ఋణము అనగా అంతకంటె పెద్దది. మనిషి దేవతలకు, ఋషులకు, పితరులకు మూడు ఋణములతో పుట్టుచున్నాడను తలంపు తైత్తిరీయ సంహిత నాటినుండి ఈ దేశములో ఉన్నది. "కన్నవాళ్ళ ఋణము తీర్చుకోలేము" అని క్రైస్తవులమైన మనమును అందుము. మన తర్జుమాదారులు ఈ మాటను ఎన్నుకొనుటవలన డబ్బు బాకీయు, మనిషి మనిషికి పడియున్న ధర్మమును, దేవునికి మనము చెల్లింపలేకపోయినదియు ఒక్క మాటలో ఇమిడినవి.

"క్షమించు" అను మాట విషయములో మాత్రము తెలుగునకు కొంత ఇబ్బంది ఉన్నది. మనము తప్పును క్షమింతుము. అప్పును క్షమించుట అను వాడుక మన ఊళ్లలో లేదు. అప్పును కొట్టివేయుదురు, వదులుకొందురు, మాఫీ చేయుదురు. ఈ మాఫీ అను మాట అరబ్బీలో పుట్టి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. ఉర్దూలో తప్పు క్షమించమనుటకును అదే మాట. అప్పుకును తప్పుకును ఒకే మాట చెల్లుటలో మాఫీ అఫియేమికి చాలా దగ్గరి చుట్టము. ఋణమాఫీ అను మాటను వార్తాపత్రికలలో ఎన్నో యేండ్లుగా చదువుచున్న మన రైతులకు, మత్తయి 6:12ను వివరించుటకు ఇంతకంటె తెలిసిన మాట లేదు.

8. ఈ నేలమీద ఋణము

పొన్నూరు పట్టణములో కలిసియున్న నిడుబ్రోలు ఆచార్య ఎన్.జి. రంగా గారి స్వగ్రామము. 1930లలో ఆయన నడిపిన రైతు ఉద్యమములో ఋణభారమును తగ్గించవలెననుట ఒక ముఖ్యమైన కోరిక. 1938లో రాజగోపాలాచారి గారి ప్రభుత్వము మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసి పాత బాకీలను, వడ్డీలను తగ్గించినది. అప్పుడు ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రములోనిదే. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి చేలను తెల్లదోమ తినివేయగా, అప్పులపాలైన రైతులు చేలమీద చల్లవలసిన మందునే త్రాగి చనిపోయిరి. 2008లో కేంద్ర ప్రభుత్వమును, 2014 తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కుటుంబమునకు లక్షన్నర రూపాయల వరకును పంట ఋణములను మాఫీ చేసినవి.

అయితే ఈ మాఫీలు బ్యాంకులు, సహకార సంఘములు ఇచ్చిన అప్పులకు వర్తించినవి. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద తెచ్చుకొన్న అప్పుకు, పురుగుమందుల కొట్టులోని ఖాతాకు వర్తించలేదు. భూమి పాసుపుస్తకము యజమాని పేరున ఉండగా, పంట పండించు కౌలు రైతుకు బ్యాంకు అప్పు పుట్టుట కష్టము. వారికి ఋణము అందవలెనని 2011లోను, 2019లోను రాష్ట్రములో చట్టములు వచ్చినవి. వాటి తరువాతను మా సంఘములోని కౌలు రైతులలో అనేకులు బంధువుల దగ్గర, తోటి విశ్వాసుల దగ్గరే చేయి చాచిరి. అందుచేత ఋణదాతయు ఋణస్థుడును ఒకే గుడిలో, ఒకే రొట్టె దగ్గర కలిసికొనుచున్నారు. మత్తయి 6:12 వారిద్దరి మధ్యనే చెప్పబడుచున్నది.

9. రెండు అపార్థములు

మొదటిది, అప్పు ఉండుటయే పాపమను తలంపు. అరామిక్ మాటకు రెండర్థములుండుటచేత ఈ పొరపాటునకు అవకాశమున్నది. పాపము దేవుని యెదుట ఋణము వంటిదని ప్రార్థన చెప్పుచున్నది గాని, వానలు వచ్చి పంట మునిగి బాకీపడినవాడు పాపియని చెప్పుటలేదు. మోషే ధర్మశాస్త్రము బాకీదారుని పైబట్టను గూర్చి, గడపను గూర్చి జాగ్రత్త తీసికొన్నది. మన సంఘములు అతని ప్రాణమును గూర్చి జాగ్రత్త తీసికొనవద్దా? అప్పువలన సిగ్గుపడి ప్రభువు బల్లకు దూరమైనవాడు ఎవడైన ఉన్నాడేమో కాపరులు వెదకవలెను.

రెండవది, ఈ వాక్యము చూపి బాకీ ఎగవేయవచ్చునను తలంపు. ఎవరికి చెల్లవలసినది వారికి చెల్లించుమని పౌలు ఒఫైలే అను మాటతోనే ఆజ్ఞాపించెను (రోమా 13:7). ఒనేసిము ఏమైన అచ్చియున్నయెడల దానిని తన లెక్కలో చేర్చుమని ఫిలేమోనుకు వ్రాసి, తానే తీర్చెదనని స్వహస్తముతో సంతకము వంటిది చేసెను (ఫిలేమోను 18, 19). మన భాషలో చెప్పవలెనంటే అపొస్తలుడు జామీను నిలిచెను. విడిచిపెట్టుట ఇచ్చినవాని చేతిలోని పని. చెల్లించుటకు ప్రయత్నించుట పుచ్చుకొన్నవాని చేతిలోని పని. ఒకరి పని మరియొకరు అడిగి చేయించుకొనునది కాదు.

ఈ రెంటికిని పునాది సిలువ. కొలొస్సయి 2:14లో మనకు విరోధముగా నున్న పత్రమునకు 'ఖైరోగ్రాఫొన్' అని పౌలు వ్రాసెను. చేతితో వ్రాసి ఇచ్చిన అప్పు కాగితము అని దాని వాడుక అర్థము. తెలుగులో "చేవ్రాత" అను మాట అందుకు సరిగా సరిపడును. దేవుడు ఆ ప్రోనోటును మేకులతో సిలువకు కొట్టెను. అది తెలిసినవాడే తన పెట్టెలోని ప్రోనోటును వేరొక కన్నుతో చూడగలడు.

ముగింపు

మేము ఆ సంవత్సరము శ్రమదినములలో బుధవారపు బైబిలు పఠనములందు ఈ సంగతులను వరుసగా చెప్పితిమి. ఎవరినీ వేలెత్తి చూపలేదు. ఆ కౌలు రైతుకు విడిగా చెప్పిన జవాబు ఇంతే: "ఆ ఋణమూ ఈ ఋణమూ ఒకటి కావు. అయినా వేరువేరు గదుల్లో పెట్టి తాళము వేయదగినవి కావు. నీవు మీ బావగారికి బాకీపడినందుకు దేవుడు నీ నోరు మూయలేదు. ఆ వాక్యము నీవే గట్టిగా చెప్పవలసినవాడివి."

మరుసటి యేడు ప్రోనోటుకు మూడేండ్ల గడువు తీరు నెల వచ్చినది. సాధారణముగా ఆ నెలలో ఋణదాత కాగితమును తిరగవ్రాయించుకొనును. లేనియెడల అది కోర్టులో చెల్లదు. ఆ పెద్దమనిషి ఇంటికి రాలేదు, కబురు పంపలేదు. నెల గడచిపోయినది. దానిని గూర్చి ఆయన మాతో గాని, సంఘపెద్దలతో గాని ఒక్క మాట చెప్పలేదు. మేమును అడుగలేదు. కాగితము చెల్లకపోయినను, కౌలు రైతు ఆ సంవత్సరము మినుములు అమ్మిన సొమ్ములో అసలుకు కొంత పట్టుకొని వెళ్లి ఇచ్చి వచ్చెనని తరువాత విన్నాము. వడ్డీ సంగతి ఎవరును ఎత్తలేదట.

అఫియేమి అను క్రియకు నిఘంటువులు ఇచ్చు మొదటి అర్థములలో ఒకటి "పోనిచ్చుట". ఆ నెల ఒకరు పోనిచ్చిరి. మరియొకరు తాను చెల్లవలసినది జ్ఞాపకముంచుకొనెను. ఇప్పుడు ఆదివారము ఉదయము ప్రభువు ప్రార్థనలో ఆ వాక్యము వచ్చినప్పుడు వెనుక వరసలో నుండి ఒక గొంతు తప్పక వినబడుతుంది. కాపరులైన మన సహోదరులు తమ సంఘములలో ఈ ఒక్క వాక్యము దగ్గర ఎవరి గొంతు ఆగుచున్నదో చెవియొగ్గి వినవలెనని మా మనవి.